బేస్తవారపు కరువు

నా చిన్నప్పుడు మా ఇంటికి ప్రతి బేస్తవారం కరువు వచ్చేది. గురువారాన్ని మా పల్నాటి వైపు బేస్తవారం అంటారు. మిగతా ఆరు రోజులూ ఊళ్ళో అందరిలాగే తిని, అందరిలాగే తిరిగేవాళ్ళం. బేస్తవారం తెల్లవారగానే మా నాయనమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లటం ముగించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "లెగండి, లెగండి. కరువొచ్చింది" అని కేకేసేది. ఎవరో చుట్టం బండి దిగినట్టే చెప్పేది ఆ మాట. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే నవ్వు వస్తుంది. నవ్విన తర్వాత కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

మాది మాచర్ల దగ్గర ఒక చిన్న పల్లె. ఊరి చుట్టూ నాపరాళ్ళ గనులు. ఇళ్ళకు గోడలూ నాపరాళ్ళే, కప్పూ నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టుండేది. మా నాన్న గనిలో రాయి తీసేవాడు. మా బాబాయి ఆ రాళ్ళను ఎడ్లబండి మీద మాచర్ల స్టేషనుకు తోలేవాడు. అమ్మ, నేను, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన చెల్లెలు, మా అందరి మీదా పెత్తనం చేసే నాయనమ్మ. ఇదీ మా ఇల్లు. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. సెంటు పొలం లేదు. గనిలో రాయి కదిలితేనే మా పొయ్యి మీద ఎసరు కాగేది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. అది ఎక్కడ జరుగుతోందో మాలో ఎవరికీ తెలియదు. మా ఊరికి మాత్రం అది కొట్టు మీదుగా వచ్చింది. ముందు కిరసనాయిలు దొరకటం మానేసింది. తర్వాత అగ్గిపెట్టె అడిగితే కొట్టాయన రెండు చేతులూ తిప్పి చూపించాడు. ఆ తర్వాత గుడ్డ లేదన్నారు, సబ్బు లేదన్నారు. బాబాయి స్టేషనులో విన్న కబుర్లు మోసుకొచ్చి, "ఇంకో రెండు నెలల్లో అయిపోద్దంట" అని చెప్పేవాడు. ప్రతి రెండు నెలలకీ అదే మాట చెప్పేవాడు. నాయనమ్మ ఆ కబుర్లు పట్టించుకునేది కాదు. ఆవిడ చూపంతా గని దారి మీద ఉండేది. "రాళ్ళకొచ్చే బండ్లు తగ్గినయ్యి, చూశారా? ఇల్లు కట్టేవోళ్ళు తగ్గారు. కట్టేవోడు ఆగాడంటే, ఆడికి తిండి మీద భయం పుట్టిందన్నమాట" అనేది.

ఆ భయం ఆవిడకు బాగా తెలుసు. చిన్నతనంలో ఒక పెద్ద కరువును దాటి వచ్చిన మనిషి. దాని గురించి నోరు విప్పేది కాదు. మేము మరీ పీడిస్తే, "మేం ఆరుగురం పిల్లలం. నేనూ మా తమ్ముడూ మిగిలాం" అని, చెంబు తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేది.

మొదటి బేస్తవారం నాకు బాగా గుర్తుంది. మధ్యాహ్నం నాన్న గని నుంచి అన్నానికి వచ్చాడు. ఒళ్ళంతా రాతిపొడి, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి ఎదురుగా అంబలి ముంత, పక్కన ఉల్లిపాయ ముక్క, నాలుగు ఉప్పుగల్లు. నాన్న ముంతలోకి చాలాసేపు చూశాడు.

"ఇదేందమ్మా?"

"కరువొచ్చింది నాయనా."

"ఎప్పుడొచ్చింది? నేను గనికాడ్నించేగా వస్తన్నా, దోవలో యాడా ఎదురుపళ్ళేదే."

నాయనమ్మ నవ్వలేదు. "అది ఎదురుపడ్డాక నేర్చుకోటానికి టయిముండదు. అందుకే వారానికో రోజు వచ్చినట్టే ఉందాం" అంది. నాన్నకు వాదించే ఓపిక లేదు. అంబలి తాగి, గోడకు ఆనుకుని ఒక కునుకు తీసి, మళ్ళీ గనికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుకు ఆవిడ పెట్టిన నియమాలు చాలా ఉండేవి. కొట్టుకు వెళ్ళకూడదు. మామూలు రోజుల్లో మేము తినే జొన్నన్నం కూడా ఆ రోజు లేదు. పగలు అంబలి, పొద్దుగుంకక ముందే వరిగలనే చిరుధాన్యంతో సంగటి, దాంట్లోకి దొడ్లో దొరికిన ఆకేదో ఒకటి. నూనె చుక్క పడకూడదు. అగ్గిపుల్ల గీయకూడదు. ముందురోజు నిప్పును పిడకలో దాచి, దాన్నే ఊది పొయ్యి రాజెయ్యాలి. బట్టలు చౌడుమట్టితో ఉతకాలి. ఆ రోజు వండకుండా మిగిలిన జొన్నలను నాయనమ్మ దోసిళ్ళతో తీసి, వెనక గదిలో ఒక పెద్ద మట్టిబానలో పోసి మూత పెట్టేది.

అన్నిటికంటే పెద్ద నియమం, ఆకలి అనే మాట నోట రాకూడదు. ఆ మాట అన్నవాళ్ళకు వెంటనే ఒక పని అప్పజెప్పేది. రెండు బేస్తవారాలు పేడ తట్టలు మోశాక మా చెల్లెలు దానికో ఉపాయం కనిపెట్టింది. నాయనమ్మ దగ్గరకు వెళ్ళి, పొట్ట పట్టుకుని, "నాయనమ్మా, నాకు ఆ మాటేస్తంది" అంది. నాయనమ్మ పెదవులు బిగించి, మొహం అటు తిప్పుకుని, దాని చేతిలో గుప్పెడు వేయించిన శనగలు పెట్టింది. కరువు రోజున శనగలు ఎక్కడివని బాబాయి నిలదీస్తే, "నీకెందుకురా, గమ్మునుండు" అంది.

బాబాయికి తిండి లేకపోయినా ఫరవాలేదు కానీ చుట్ట లేకపోతే కాలూ చెయ్యీ ఆడవు. "కరువులో నీకు చుట్ట ఎవడిస్తాడ్రా?" అని నాయనమ్మ పొగాకు కట్ట లాగేసుకుంది. ఆయన దొడ్డి వెనక్కి వెళ్ళి, ఎండిన వంగ ఆకులు చుట్టి, పిడక నిప్పుతో ముట్టించి ఒక్క దమ్ము లాగాడు. ఆ తర్వాత వచ్చిన దగ్గుకు వీధంతా కదిలింది. మనిషికి గుక్క తిరగటం లేదు. గోడ అవతల నుంచి పక్కింటి అక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఏమైంది పెద్దమ్మా?" అని కంగారుగా అడిగింది. "ఏం కాలేదమ్మాయ్, కరువులో ఉన్నాడు" అంది నాయనమ్మ.

ఆ పక్కింటి అక్కకు అప్పటికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆవిడ భర్త కూడా మా నాన్నతోపాటు గనిలోనే పనిచేసేవాడు. ఇద్దరు పిల్లలు, కడుపులో ఒకరు. వాళ్ళ దొడ్లో ఒక మునగచెట్టు ఉండేది. మా గోడ మీదికి సగం వంగి ఉండేది. ఖాళీ దొరికితే నాకు తల దువ్వి, జడ వేసేది. మా అమ్మ వేసే జడకంటే ఆవిడ వేసే జడే నాకిష్టం. నొప్పి పెట్టేది కాదు.

ఆ బేస్తవారాల బరువంతా మా అమ్మ మీద పడేది. వరిగలు దంచటం మామూలు పని కాదు. ఎంత దంచినా పొట్టు ఊడదు. ఒకరోజు అమ్మ రోకలి వదిలేసి, "వచ్చినప్పుడు ఎట్టాగూ పడతాం గదత్తా, రాకముందు నించే ఎందుకీ చావు?" అంది. "వచ్చినప్పుడు ఏడవటానిక్కూడా ఓపికుండదే. ఏడిస్తే ఇప్పుడే ఏడ్చెయ్" అంది నాయనమ్మ. అమ్మ నిజంగానే రోటి పక్కన కూలబడి ఏడ్చేసింది. నాయనమ్మ రోకలి అందుకుని మిగిలినవి తనే దంచింది. వంగిన నడుముతో ఆవిడ దంచుతుంటే రోకలి ఒకటి పడి, మళ్ళీ ఒకటి పడటానికి చాలాసేపు పట్టేది.

ఒక బేస్తవారం గురజాల నుంచి నాయనమ్మ తమ్ముడు చెప్పకుండా వచ్చాడు. కరువులో ఆరుగురిలో మిగిలిన ఆ రెండోవాడు ఆయనే. కాస్త మెట్టపొలం, మిరపతోట ఉన్న మనిషి. చుట్టం వచ్చాడు కదా, ఇవాళ్టికి వదిలెయ్యమని నాన్న బతిమాలాడు. నాయనమ్మ వినలేదు. "కరువు చుట్టాన్ని చూసి ఆగుద్దా?" అంది. ఆయన ముందు వరిగ సంగటి, నూనె లేని ఆకుకూర పెట్టింది. ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. చీకటి పడకముందే తినేసి, నాయనమ్మ మొహం కేసి ఒకసారి చూసి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మా వాకిట్లో ఆయన బండి ఆగింది. బండిలో ఒక బస్తా జొన్నలు, మూటెడు మిరపకాయలు. ఆయన దిగుతూనే నాయనమ్మ చేతులు పట్టుకుని బావురుమన్నాడు. "నాకు చెప్పలేదేందే అక్కా? నేను బతికే ఉన్నా గదే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాయనమ్మ అసలు సంగతి చెప్పబోయి, ఆయన ఏడుపు చూసి మింగేసింది. ఆయన తల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. బండి వెళ్ళిపోయాక బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా, ఇంకో ఇద్దరు చుట్టాల్ని పిలుద్దాం" అన్నాడు. నాయనమ్మ నవ్వలేదు. జొన్నలను బానలో పోయిస్తూ నాతో, "ఇంట్లో ఏముందో వీధిలో చెప్పమాక. ఎవరన్నా వచ్చి అడిగితే నిండుకున్నయ్యని చెప్పు" అంది. ఆ మాటను నేను బడిలో పాఠంకంటే బాగా ఒంటబట్టించుకున్నాను.

ఆ వేసవిలో అసలుది వచ్చింది. స్టేషనులో రాళ్ళు ఎక్కించటానికి పెట్టెలు దొరకటం లేదని, రైలు పెట్టెలన్నీ యుద్ధం సరుకుకే పోతున్నాయని బాబాయి చెప్పాడు. గని పక్కన పలకలు గుట్టలుగా పేరుకున్నాయి. ఒక సోమవారం పొద్దున్నే, ఇంకా ఎండ ముదరకముందే, నాన్న సమ్మెట, గడ్డపార భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. గని మూసేశారు. ఎన్నాళ్ళో తెలియదు. ఆయన పనిముట్లను వసారా మూల ఆనించి, వాటి పక్కనే కూర్చున్నాడు. ఒంటి మీద రాతిపొడి లేని నాన్నను పగటిపూట చూడటం నాకు కొత్తగా ఉంది. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి, "వచ్చింది" అంది. ఈసారి కేకేసి చెప్పలేదు.

చెల్లెలికి అర్థం కాలేదు. "ఇయ్యాల సోమారం నాయనమ్మా, కరువు బేస్తారం గదా" అంది.

ఆ తర్వాత రోజులన్నీ బేస్తవారాలే. మాకు పెద్దగా తేడా తెలియలేదు. అంబలి అలవాటే, సంగటి అలవాటే, చౌడుమట్టి అలవాటే. ఆకలి అనే మాట ఎవరమూ అనలేదు. వెనక గదిలో బాన ఉంది. నాన్న ఊరూరా తిరిగి బావులు తవ్వే పనికి పోయేవాడు, పని దొరకని రోజు నిద్రపోయేవాడు. బాబాయి ఎడ్లకు మేత లేక, బండి తోలుకుని నల్లమల వైపు కట్టె తోలకానికి వెళ్ళాడు. నాయనమ్మ వారంలో ఒక్కసారి బాన మూత తీసి, చెయ్యి లోపలికి పెట్టి లోతు చూసుకునేది. ఆ చెయ్యి ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి వెళ్ళేది.

పక్కింట్లో అలా బాన లేదు. అక్క భర్త బెజవాడ వైపు పని ఉందని ఎవరో చెబితే వెళ్ళాడు. వెళ్ళి రెండు నెలలైనా కబురు లేదు. అక్కకు అప్పటికి కాన్పు అయింది. చంటిబిడ్డను చంకనేసుకుని పిడకలు చేసి అమ్మేది. కొనేవాళ్ళు ఎవరున్నారు? నాకు జడ వెయ్యటం మానేసింది. నేనూ వెళ్ళటం మానేశాను. ఎందుకు మానేశానో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ ఇంట్లో లేమి కనిపిస్తోంది, నాకు దాన్ని చూడటం ఇష్టం లేదు.

ఒకరోజు పొద్దున నాయనమ్మా అమ్మా పొయ్యిలోకి కంపపుల్లలు ఏరుకు రావటానికి పొలాల వైపు వెళ్ళారు. నేను వసారాలో కూర్చుని చేటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. అక్క వచ్చింది. చంకలో బిడ్డ, కొంగు కింద ఏదో దాచిపెట్టుకుంది. గుమ్మం దగ్గరే నిలబడి, "నాయనమ్మ లేదా?" అంది. లేదన్నాను. ఇంకాసేపు నిలబడింది. ఎండ గురించి ఏదో అంది. తర్వాత కొంగు కింద నుంచి ఒక సోల బయటికి తీసి, నా మొహం చూడకుండా, "ఓ సోలెడు జొన్నలుంటే పెడతావామ్మా? పిల్లలు రాత్రి నించి..." అని ఆగిపోయింది.

నేను తల ఎత్తి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "నిండుకున్నయ్యక్కా."

ఒళ్ళో చేట ఉంది. చేట నిండా జొన్నలున్నాయి. నా వేళ్ళు ఆ జొన్నల్లోనే ఉన్నాయి. అక్క వాటి వైపు చూసింది, నా వైపు చూసింది. ఆవిడ కోపగించుకోలేదు. నేను అబద్ధమాడుతూ దొరికిపోతే తను సిగ్గుపడినట్టుగా చూపు పక్కకు తిప్పుకుంది. "సర్లేమ్మా" అని, సోలను మళ్ళీ కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాయనమ్మ తిరిగి రాగానే నేను సంబరంగా చెప్పాను. బానను కాపాడానని నా గర్వం. ఆవిడ నెత్తి మీద కంపమోపు దించకుండానే ఆగిపోయింది.

"అప్పుడు చేట్లో జొన్నలుండయ్యా?"

"నిండా ఉండయ్యి."

"చూసిందా?"

"చూసింది."

మోపు కింద పడేసి అరుగు మీద కూర్చుంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. ఆవిడ అంత అలిసిపోయి ఉండటం నేను అంతకుముందు చూడలేదు. గని మూసిన రోజు కూడా అలా కూర్చోలేదు. మొహం కొంగుతో తుడుచుకుని, "నీకు లేదనటం నేర్పా. అడగటం నేర్పలా. నాదే తప్పు" అంది, నాతో కాదు, వాకిలితో చెప్పినట్టుగా.

వెంటనే లేచి గిన్నె నిండా జొన్నలు తీసుకుని పక్కింటికి వెళ్ళింది. గోడ ఇవతల నుంచి నాకు మాటలు వినిపించాయి. "ఉండయ్యి పెద్దమ్మా. పొద్దున ఊరికే అడిగా, అంతే" అంటోంది అక్క. నాయనమ్మ ఎంత చెప్పినా అదే మాట. గిన్నె నిండుగా వెళ్ళి, నిండుగానే తిరిగొచ్చింది. "పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అయినా తీసుకోలా" అని అమ్మతో చెప్పింది. "మొహం పగిలినాక ఎట్టా తీసుకుంటది?" అంది అమ్మ. ఆ సాయంత్రం నాకు సంగటి దిగలేదు. గోడ అవతల పిల్లల ఏడుపు వినిపిస్తోంది. కాసేపటికి ఆగిపోయింది. ఆగిపోయాక ఇంకా కష్టంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నన్ను పిలిచి, చేతిలో ఒక ఖాళీ ఇత్తడి గిన్నె పెట్టింది.

"ఇయ్యాల నీకొక్కదానికే కరువు. పో, అక్కనడిగి మునగాకు తీసకరా."

"మనకి తోటకూర ఉందిగా నాయనమ్మా."

"ఉన్నా అడుగు."

"ఏమని అడగాలి?"

"అది నేను చెప్పను. ఆ పిల్లకి నిన్న ఎవరు చెప్పారు?"

మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ ఇరవై అడుగుల దూరం ఉంటుందేమో. అంత దూరం నేను మళ్ళీ జీవితంలో నడవలేదు. మొదటిసారి వాళ్ళ వాకిలి దాకా వెళ్ళి, ఎవరూ లేరని నాకు నేనే చెప్పుకుని తిరిగి వచ్చాను. నాయనమ్మ నా చేతిలో ఖాళీ గిన్నె చూసి, మళ్ళీ వీధి వైపు చూపించింది. రెండోసారి వెళ్ళాను. అక్క దొడ్లో మునగచెట్టు కింద పేడ కలుపుతోంది. మోచేతుల దాకా పేడ. బిడ్డ పక్కన పాత చీరపేలిక మీద పడుకుని ఉంది. పెద్దపిల్లలిద్దరూ గోడ నీడలో ఆట లేకుండా కూర్చున్నారు.

"ఏందే?" అంది అక్క, తల ఎత్తకుండా.

గిన్నెను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, మళ్ళీ కుడిచేతిలోకి మార్చాను. ఎండ చానా ఉందని చెప్పాను. నిన్న ఆవిడ ఎండ గురించి ఎందుకు మాట్లాడిందో ఆ క్షణాన తెలిసింది. మా ఇద్దరి నెత్తి మీదా మునగచెట్టు ఉంది. నిండా ఆకు. ఆవిడ "లేదమ్మా" అంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అనటానికి ఆవిడకు అన్నివిధాలా హక్కు ఉంది. నేలకేసి చూస్తూ, "అక్కా, కాస్త మునగాకు పెడతావా?" అన్నాను.

అక్క నా వైపు చూసింది. నేను తల ఎత్తలేదు కాబట్టి ఆ చూపులో ఏముందో ఇప్పటికీ తెలియదు. తర్వాత లేచి, తొట్టిలో చేతులు కడుక్కుంది. దోటి తీసుకుని రెండు కొమ్మలు లాగింది. కింద కూర్చుని, ఈనెలు తీసేసి, ఆకు మాత్రమే దూసి గిన్నెలో వేసింది. "పప్పులోకా, పొడికూరా?" అని అడిగింది. నేను ఏడ్చేశాను. ఆవిడ ఆపమనలేదు. ఆకు దూయటం పూర్తి చేసి, గిన్నెను అదిమి, ఇంకో గుప్పెడు పెట్టింది. నా చెదిరిన జుట్టును చెవి వెనక్కి తోసి, "పో, మీ అమ్మ ఎదురుచూస్తుంటది" అంది.

నేను ఇంటికి వచ్చాక నాయనమ్మ ఆకు చేటలోకి దులిపి, గిన్నె కడిగి, తుడిచి, జొన్నలు పోసింది. "ఇప్పుడు పో. గిన్నె ఒట్టిదివ్వకూడదని చెప్పు."

ఆ మాట ఉన్న ఇల్లూ లేని ఇల్లూ అని కాకుండా అందరిళ్ళలోనూ ఉన్నదే. ఇరుగుపొరుగు పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. అక్క గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, గోడ మీదుగా మా ఇంటి వైపు చూసింది. ఆవిడకు అంతా అర్థమైంది. "రేపు కూడా మునగాకు కావాలా?" అంది.

"రోజూ కావాలంట."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి గోడ అవతల పొగ లేచింది.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చానా కష్టమైందా?" అని అడిగింది. తల ఊపాను. "నీ చేతిలో గిన్నొకటే ఉంది. ఆ పిల్ల బిడ్డనెత్తుకుని నిలబడింది" అంది. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. "ఆ కరువులో నేనూ మా తమ్ముణ్ణి ఎత్తుకుని ఓ గుమ్మంలో నిలబడ్డా. మేం బతికింది దాచుకున్నదాంతో కాదే. ఎవరో ఒకావిడ గింజలుండయ్యని చెప్పి పెట్టింది." అంతే. మిగతాది చెప్పలేదు. చెంబు తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

ఆ ఏడాది మేము తిన్నంత మునగాకు మా ఊళ్ళో ఇంకెవరూ తిని ఉండరు. మునగాకు పప్పు, పప్పు లేనప్పుడు మునగాకు పులుసు, ఏదీ లేనప్పుడు ఊరికే ఉడికిన మునగాకు. చెల్లెలు విసిగిపోయి, "అక్కకి ఇంకో చెట్టేదన్నా లేదా నాయనమ్మా?" అని అడిగేది. గిన్నె మాత్రం రోజూ నడిచింది. బాన అడుగు కనిపించాక జొన్నల బదులు గుప్పెడు వరిగలు, అవీ లేని రోజు కాసిని చింతకాయలు, ఒక్కోసారి నాలుగు మిరపకాయలు. అక్క కూడా ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. ఆకు రాలిన రోజుల్లో రెండు పిడకలైనా పెట్టి పంపేది.

ఐదారు నెలల తర్వాత అక్క భర్త తిరిగి వచ్చాడు. జ్వరంతో ఏ ఊళ్ళోనో పడిపోయాడట. వాకిట్లో నిలబడితే సొంత పిల్లలే గుర్తుపట్టలేదు. యుద్ధం అయిపోయాక గని తెరిచారు. రెండిళ్ళలోనూ అందరం మిగిలాం. అది చిన్న సంగతి కాదని నాయనమ్మ అనేది. గని తెరిచిన తర్వాత వచ్చిన మొదటి బేస్తవారం, ఆవిడ పొద్దున్నే లోపలికి వచ్చి, "లెగండి, కరువొ..." అనబోయింది. నాన్న మంచం మీద నుంచే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "అమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. ఈ ఒక్క వారం రానియ్యమాకే" అన్నాడు. ఆవిడ నిలబడి ఆలోచించి, "సర్లే, పడుకో" అని, తనూ వెళ్ళి మళ్ళీ పడుకుంది. పొద్దెక్కేదాకా ఆవిడ నిద్రపోవటం అదే మొదటిసారి చూశాను.

తర్వాత నా బతుకులోనూ అలాంటి రోజులు చాలానే వచ్చాయి. పెళ్ళయ్యాక ఒకసారి, పిల్లలు పుట్టాక రెండుసార్లు. నాయనమ్మ నేర్పిన ఆదా చెయ్యటాలు, దాచటాలు కొంత పనికొచ్చాయి, కొంత పనికిరాలేదు. కాలం మారితే నియమాలూ మారతాయి. గిన్నె పట్టుకుని ఒకరి గుమ్మంలో నిలబడవలసి వచ్చినప్పుడు మాత్రం నాకు నోరు పెగిలింది. అలవాటు ఉంది కనుక.

చాలా ఏళ్ళకు, అక్క పెద్దకూతురి కూతురి పెళ్ళిలో ఆవిడ పక్కన కూర్చునే వీలు దొరికింది. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. ధైర్యం చేసి, "అక్కా, ఆ రోజు నేను చేటలో జొన్నలు పెట్టుకుని..." అని మొదలుపెట్టాను. "ఏ రోజు?" అంది ఆవిడ. నేను చెప్పబోతే, "జడ వదులుగా ఉందే నీకు, ఇటు తిరుగు" అని నా జుట్టు విప్పి, మళ్ళీ అల్లటం మొదలుపెట్టింది. ఆవిడ నిజంగా మరిచిపోయిందో, నా కోసం మరిచిపోయినట్టు ఉందో నేను తేల్చుకోలేకపోయాను. తర్వాతి ఏడాది ఆవిడ పోయింది.

ఇప్పుడు నాకు మోకాళ్ళు సాగవు. ఎక్కువసేపు కుర్చీలోనే ఉంటాను. అయినా గుమ్మంలో ఎవరైనా వచ్చి నిలబడి, వచ్చిన పని చెప్పకుండా ఎండ గురించో వాన గురించో మాట్లాడుతుంటే నాకు వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు నేను వాళ్ళను ఆ మాట దాకా రానివ్వను. "వచ్చావా, మంచి పని చేశావు. నాకో చిన్న సాయం కావాలమ్మాయ్" అని ముందు నేనే ఏదో ఒకటి అడుగుతాను.